ఎడమచేతి అతుకు

మా కాలనీలో గేట్‌పాస్ ఉన్నవాడిని పర్మినెంటు ఉద్యోగిలాగే చూస్తారు. నా పెళ్లి శుభలేఖలో నా పేరు కింద ఫ్యాక్టరీ పేరు కూడా వేయించారు మావాళ్లు. నిజానికి నేను కాంట్రాక్టు వెల్డర్ని. కాంట్రాక్టర్లు మారేవారు, పాస్ రంగు మారేది, మేం మాత్రం అదే గేట్లోంచి వెళ్లేవాళ్లం. అలా ఏళ్లు గడిచేసరికి ఫ్యాక్టరీ మా తాతలదన్నంత ధీమా వచ్చేసింది.

ఆ ధీమా నాకు ఒక్క సాయంత్రంలో దిగిపోయింది. మా షిఫ్టులో అందరికంటే పెద్ద వెల్డరుకి పని తగ్గిందని పాస్ రెన్యువల్ చెయ్యలేదు. యాభై దాటిన మనిషి. కొన్నాళ్లకి నేనూ నా భార్యా ద్వారకా నగర్‌లో చీరల షాపుకెళ్తే, కౌంటరు వెనక ఆయన కూతురు. డిగ్రీ మధ్యలో ఆపేసిందట. "బాగున్నారా అంకుల్" అంటూ చీర మడత విప్పింది. మా అమ్మాయి అప్పుడు తొమ్మిదో తరగతి, నర్సింగే చదువుతానని పట్టు. ఆ రాత్రి నాకు భయం వేసింది, దాచుకోవడం ఎందుకు.

ఆదివారం చర్చి అవగానే ఇంకో పని నేర్చుకుందామని ఆటోనగర్ వెళ్లాను. అక్కడ బాయిలర్ పనుల్లో తలపండిన మేస్త్రి ఒకాయన ఉండేవాడు. గోడకి ఆనుకున్న గొట్టానికి వెనకవైపు అతుకు కంటికి కనిపించదు. చిన్న అద్దం నిలబెట్టి, అందులో చూస్తూ వెల్డింగ్ చెయ్యాలి. కుడిచెయ్యి పట్టనిచోట ఎడమచేత్తో చెయ్యాలి. నాకు రెండూ రావు. అద్దంలో కుడి ఎడమవుతుంది, చెయ్యేమో మాట వినదు. మొదటి నెలంతా రాడ్డు గొట్టానికి అంటుకుపోవడమే.

"సెయ్యి తరవాత, ముందా కంగారు తగ్గించుకో" అనేవాడు మేస్త్రి.

నాతోపాటే పనిచేసే మా బావ ఊరుకుంటాడా. "ఏటి బావా, ఉన్న సెయ్యి సాల్లేదా నీకు? ఆదివారం కూడా ఇంట్లో ఉండవేటి?" అని నలుగురిలో నవ్వేవాడు. నాకు ముక్కుమీదుంటుంది కోపం. వారం రోజులు వాడితో మాట్లాడలేదు.

మా ఇంట్లో ఇంకో పని జరుగుతోంది. నా కూలి పెరిగినా నా భార్య ఇల్లు పాత కూలితోనే నడిపింది. పెరిగినదీ, తను బట్టలు కుట్టి సంపాదించినదీ పోస్టాఫీసుకి పోయేవి. పండక్కి కాస్త పెద్ద టీవీ అడిగాను. "కూలి పెరిగిందని మన కళ్లు పెరిగాయేటి?" అంది. ఆరోజు ఒళ్లు మండింది.

నేర్చుకోవడం మొదలెట్టిన మూడేళ్లకి చెయ్యి లొంగింది. మరో రెండేళ్లకి ఆర్డర్లు పడిపోయాయి. ఒక శనివారం నా పాస్ కూడా వెనక్కి తీసుకున్నారు. అమ్మాయి నర్సింగు రెండో ఏడు. నాలుగు నెలలు నాకు పనిలేదు. ఫీజు మాత్రం గడువుకి ముందే కట్టింది నా భార్య, పోస్టాఫీసు పుస్తకం పట్టుకెళ్లి. టీవీ సంగతి నేనిక ఎత్తలేదు.

అప్పుడు పోర్టు వైపు ఒక బాయిలర్ రిపేరు పనికి వెల్డర్లకి టెస్టు పెట్టారు. గొట్టం గోడవారన బిగించి, కుడిపక్క రేకు అడ్డం పెట్టారు. నాకంటే ఇరవయ్యేళ్లు చిన్నవాళ్లు వంకర్లు తిరిగి తిరిగి లేచిపోతున్నారు. నేను అద్దం నిలబెట్టాను, రాడ్డు పట్టే హోల్డరు ఎడమచేతికి మార్చాను, కంగారు పడలేదు. అతుకులో లోపాలు చూసే ఎక్స్‌రే వచ్చాక ఇంజనీరు ఫిల్ము వెలుతురుకి పట్టి చూసి, "ఎక్కడ నేర్చుకున్నారండీ?" అన్నాడు. అన్నేళ్లలో నన్ను 'అండీ' అన్న ఇంజనీరు అతనే. కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ అందామంటే అక్కడ పొగ కూడా లేదు.

గొప్పలు చెప్పుకుంటున్నానంటారా, అనుకోండి. ఆ పని నాకే వచ్చింది, ఇప్పుడు నేను అక్కడి వెల్డర్ల మీద పెద్ద వెల్డర్ని. మా బావ ఆదివారం ఆదివారం నా దగ్గరే ఎడమచెయ్యి తిప్పుతున్నాడు. నవ్వుదామనుకున్నాను గానీ వాడి మొహం చూస్తే మనసొప్పలేదు.

మొన్న పాత కాంట్రాక్టరు ఫోన్ చేశాడు. "పాస్ రెడీ, రేపు పొద్దున్న వచ్చెయ్." ఎప్పుడూ అంతే, వస్తావా అని అడిగే అలవాటు లేదు ఆయనకి.

"నాను రానండి" అన్నాను.

ఆయన ఠక్కున ఫోన్ పెట్టేశాడు. అమ్మాయి ఆఖరేడు, ఆస్పత్రి డ్యూటీకి తెల్ల యూనిఫారం ఇస్త్రీ చేసుకుంటూ నావైపు చూసింది. నా భార్య మిషన్ ఆపింది.

"ఏటన్నావు ఆయన్తో?"

"రానన్నాను."

"మళ్లీ సెప్పు" అంది, నవ్వు ఆపుకుంటూ.