తగరపు గనికి ఎర్రమట్టి దారి

నిన్న మీరు పెర్త్ నుంచి పంపిన వీడియోని సెరంగూన్‌లో మన వంటింట్లో నిలబడి చూస్తూ పోపు మాడ్చేశాను. మీ జీపు కొండరాళ్ల మీద గంతులేస్తోంది. వెనక సీట్లోంచి చిన్నాడు, "అమ్మమ్మా, యూ కెనాట్ లా, భయపడతావ్!" అని అరిచాడు. ఊరు మారినా వాడి నోట్లో మన ఊరి 'లా' పోలేదు. నేను భయపడతానో లేదో చెబుతాను, వినండి.

మీ తాతయ్యకో జీపు ఉండేది. ఆదివారమొస్తే కింద కార్‌పార్క్‌లో బకెట్టు పెట్టుకుని అద్దంలా తుడిచేవారు. మన ఊళ్లో బండికి పదేళ్లే గడువు; అవి నిండాయి, నెలాఖరుకి తుక్కుకి ఇచ్చెయ్యాలి. అయినా తుడుపు మానలేదు. "పోయేదానికి సోకులెందుకండీ?" అంటే, "పెళ్లికూతుర్ని మాసిన చీరతో పంపిస్తామా?" అనేవారు. అది వెళ్లిపోయేలోగా నన్నొక చోటికి తీసుకెళ్లమన్నాను. సరిహద్దు అవతల పహాంగ్ కొండల మీద ఎప్పుడో మూతపడ్డ తగరపు గని అది. మా నాన్న అక్కడ గనిలోంచి బండరాయిని పైకి లాగే యంత్రం నడిపేవాడు. నేను పుట్టింది అక్కడి కూలీల ఇళ్లలోనే. ఆ కొండ దిగిన కొన్నాళ్లకే అమ్మ పోయింది. ఆవిడ ఫొటో ఒక్కటీ లేదు. ముఖం కూడా సరిగ్గా గుర్తులేదు కానీ, పెరట్లో ఆవిడ వంగుని గిన్నెలు తోమే సిమెంటు తొట్టి మాత్రం బాగా గుర్తు. అది ఉందో లేదో చూడాలి. మామూలు కారు ఆ దారెక్కదు, జీపు పోతే ఇక నేను వెళ్లేది లేదు.

అడవి దారుల్లో ఒక్క బండితో పోకూడదు. అందుకని మన ఊళ్లోనే జురాంగ్ ఈస్ట్‌లో ఉండే తాతయ్య స్నేహితుడు, హైదరాబాదు భాయ్, తన బండితో ముందు నడిచాడు. మట్టిని పట్టుకోవాలని టైర్లలో గాలి కొంత తీసేసి ఎర్రమట్టి ఎత్తు ఎక్కడం మొదలుపెట్టాం. కొండవైపు ముళ్లతీగలు, అటువైపు లోయ. భాయ్ ముళ్లని రాసుకుంటూ పోయాడు. మీ తాతయ్యేమో పెయింటు మీద గీతలు పడతాయని అంచుకి జరిగారు. మెత్తటి మట్టి, వెనక చక్రం లోయవైపు జారిపోయింది. భాయ్ తన బండికున్న ఇనుప తాడు తగిలించి లాగాడు.

"క్యా సాబ్! తుక్కుకి పోయే బండి పెయింటు కోసం జాన్ ఇస్తరా?"

తాతయ్య మొహం సున్నంలా పాలిపోయింది. "మబ్బు కూడా పడుతోంది. వెనక్కి తిప్పుదాం," అన్నారు.

నేను దిగి అటువైపు తలుపు తీశాను. "మీరు దిగండి."

"నువ్వా? మార్కెట్ దాకా తప్ప ఎప్పుడైనా నడిపావా?"

"మన మార్కెట్ దగ్గర పార్కింగ్ కన్నా ఈ దారి వెడల్పే. దిగండి."

"చల్ భాభీ, ముళ్లల్లకే తోలుండి!" అన్నాడు భాయ్.

భయమేసింది, ఎందుకు దాచాలి. కానీ స్టీరింగుని ముళ్లవైపే తిప్పి పట్టుకున్నాను. తీగలు తలుపుని బరబరా గీకుతుంటే, ముందు నడుస్తూ చేత్తో దారి చూపిస్తున్న మీ తాతయ్య, ఆ చప్పుడు విన్నప్పుడల్లా కళ్లు మూసుకునేవారు. కళ్లు మూసుకుని దారి చూపించిన మనిషిని ఆయన్నొక్కర్నే చూశాను.

పైన గని నోటికి ఇనప కటకటాలు వేసేశారు. లోపల్నించి చల్లగాలి వస్తోంది. ఇళ్లు లేవు, పునాదులున్నాయి. అడవి అల్లం పొదల్ని తప్పిస్తూ వెతికితే ఒక పునాది వెనక దొరికింది తొట్టి. చిన్నప్పుడు అందులో పడితే మునిగిపోతాననుకునేదాన్ని. నా మోకాలి దాకా కూడా లేదు. అంత పొట్టి తొట్టి ముందు గిన్నెలు తోమాలంటే ఎంత వంగాలో వంగి చూశాను. నడుం పట్టేసింది. అమ్మ నడుం నెప్పి నాకు తెలిసింది అప్పుడే.

ఆ దారి ఇప్పుడు అడవిలో కలిసిపోయిందట. చూడాల్సినవి దారి ఉండగానే చూసేయండర్రా. కాలం దారి మూసేటప్పుడు ఎవర్నీ అడగదు.