మస్కట్ పాత ఊళ్లో గాజు పట్టీలు

1975 జనవరిలో మా కంపెనీ నన్ను మస్కట్ పాత ఊళ్లో ఒక ఇంటి పని మీద పంపింది. కాకినాడలో పాలిటెక్నిక్ చదివి డ్రాఫ్ట్స్‌మన్‌గా ఒమాన్ వచ్చి అప్పటికి నాకు రెండేళ్లు. కట్టబోయే ఇళ్ల ప్లాన్లు గీయడమే నా పని. ఎప్పుడో కట్టిన ఇంటిని కొలిచి, నిలుస్తుందో లేదో చెప్పడం అదే మొదటిసారి.

పాత ఊరంటే సముద్రం ఒడ్డున నల్లకొండల మధ్య ఇరుక్కున్న కాసిన్ని సందులు. రేవుకు అటూ ఇటూ కొండల మీద రెండు కోటలు. అవి పోర్చుగీసువాళ్లవని అందరికీ తెలుసు. అయితే ఊళ్లో పాతరాయి ఎక్కడ కనపడినా అదీ వాళ్లదేననేవారు. ఆ మాట నేను ఎప్పుడూ పూర్తిగా నమ్మలేదు. నిజానికి ఆ రోజుల్లో నేను దేన్నీ నమ్మేవాణ్ణి కాదు. నన్నూ ఎవరూ నమ్మేవారు కాదు. టేపు పట్టుకుని కోట గోడ వైపు రెండుసార్లు చూస్తే చాలు, పోలీసు వచ్చి కాగితాలు అడిగేవాడు.

మేం చూడాల్సింది సముద్రం వైపు సందులో ఉన్న రెండంతస్తుల ఇల్లు. కింద సయీద్ అనే ముసలాయన తన కోడలితో, మనవలతో ఉండేవాడు. యవ్వనంలో బొంబాయి రేవులో పనిచేశాడట, హిందీ బాగా వచ్చు. యజమాని వేరే ఊళ్లో ఉండేవాడు. ఆయన తరఫున వ్యవహారాలు చూసే మనిషిని అక్కడ వకీల్ అంటారు. మొదటి రోజే ఆ వకీల్ నన్ను పక్కకు పిలిచాడు.

"గోడ పగిలింది, కనపడుతూనే ఉంది. ప్రమాదం అని ఒక్క పేజీ రాసిస్తే చాలు. కొలతలెందుకు?"

అంత తొందర ఎందుకో నాకు అర్థమైంది. ఇల్లు పడగొడితే ముసలాయన ఖాళీ చేయక తప్పదు. ఆ స్థలంలో కొత్త బిల్డింగ్ లేస్తుంది. అందుకని నేను మరీ జాగ్రత్తపడ్డాను.

పగులు పాతదా, ఇంకా పెరుగుతోందా అని తేల్చడానికి మా పనిలో టెల్‌టేల్ పెడతాం. పగులుకు అడ్డంగా పల్చటి గాజు పట్టీ పెట్టి, రెండు చివరలూ జిప్సంతో అతికించడం. గోడ కదిలితే గాజు విరుగుతుంది. ఆరు పట్టీలు అతికించింది ఖాదర్. కడప మేస్త్రీ. పక్కనే ఉన్న మత్రా ఊళ్లో కంపెనీ ఇచ్చిన రూములో నా పక్క మంచం అతనిదే. నన్ను అన్నా అనేవాడు.

మర్నాడు చూస్తే రెండు విరిగాయి. కొత్తవి పెట్టించాను. మూడో రోజుకు నాలుగు విరిగాయి.

వందల ఏళ్లు నిలబడ్డ గోడ నేను వచ్చిన వారంలోనే కదలడం మొదలుపెట్టిందా? ఎవరో విరగ్గొడుతున్నారని నాకు రూఢి అయిపోయింది. చేయిస్తున్నది వకీలే అయి ఉండాలి, చెయ్యి మాత్రం మరొకరిది. ఆ సాయంత్రమే మత్రా సూక్‌లో, అంటే బజారులో, ఒక చాయ్ దుకాణం ముందు వకీల్, ఖాదర్ పక్కపక్కన కూర్చుని కనపడ్డారు. వకీల్ ఏదో కాగితం మడిచి ఇచ్చాడు. ఖాదర్ దాన్ని లోపలి జేబులో దాచుకున్నాడు.

రూముకొచ్చాక అడగొచ్చు. అడగలేదు. అతను అన్నం వడ్డించి, "ఏందన్నా, ఒంట్లో బాగాలేదా?" అన్నా తలూపి కంచం ముందుకు లాక్కున్నాను. మర్నాడు అతను వేరే సైట్‌కు వెళ్లాక, మేడ మీద ఎవరూ పోని గదిలో, కిటికీ గూట్లో ఉన్న పగులుకు నేనే స్వయంగా రెండు పట్టీలు అతికించాను. మెట్ల మీద తెల్లటి సుద్దపొడి పల్చగా చల్లాను. ఎవరెక్కినా అడుగు పడాలి.

పొద్దున్న వెళ్లేసరికి ఖాదర్ నాకన్నా ముందే అక్కడున్నాడు. మెట్ల కింద నిలబడి ఆ పొడినే చూస్తున్నాడు. దాని మీద ఒక్క అడుగు కూడా లేదు.

"ఈ ముగ్గు మీరే పోసినారా సార్?"

మొదటిసారి సార్ అన్నాడు. నేను పైకి వెళ్లాను. రెండు పట్టీలూ విరిగి ఉన్నాయి.

ఖాదర్ నా వెనకే వచ్చాడు. "చూడండి, ఎట్ల ఇరిగిందో. మనిషి కొడితే ముక్కలు రాలవా? ఇది పగులు యాడ పోతాందో ఆడనే గీత గీసినట్టు ఇరిగింది. నన్ను నమ్మకపోతే మానె. గోడను గూడా నమ్మరా?"

"వకీల్ నీకేం కాగితం ఇచ్చాడు?"

అతను జేబులోంచి తీసి నా చేతిలో పెట్టాడు. అరబ్బీలో రాసిన అర్జీ. "మా తమ్మునికి వీసా కోసరం. అరబ్బీ రాసేటోడు నాకింకెవురు తెలుసు? ఆయప్ప గోడ మాట ఎత్తినాడు. అది మా సార్ పని అని చెప్పి లేసి వస్తి."

నేను కాగితం మడిచి తిరిగి ఇచ్చేశాను. అతనే సుత్తి తీసుకుని కిటికీ గూట్లో, గోడ మందం కనపడే చోట గచ్చు గీకడం మొదలుపెట్టాడు. గోడ మందం ఐదడుగులు. ఆ మందంలో మధ్యన, కింది నుంచి పైకి ఏటవాలుగా ఒక గీత బయటపడింది. గీతకు లోపలి వైపు తెల్లటి సున్నం, అందులో గవ్వల పొడి. బయటి వైపు ఎర్రటి మట్టి కలిసిన గచ్చు. మేం ఒక గోడ అనుకున్నది రెండు గోడలు. ఒకదానికొకటి ఒక్క రాయి కూడా కలపకుండా, ఆనించి వదిలేశారు.

అలాంటి వాలు కోట గోడకు చూసినట్టు గుర్తొచ్చి నేను ఊళ్లోకి పరుగెత్తాను. కొండ కింద కోట అడుగు గోడ పైకి పోయేకొద్దీ లోపలికి వాలుతుంది. ఆ వాలును బ్యాటర్ అంటారు. అదే తెల్ల సున్నం, అదే వాలు. మా ఇంటి లోపలి గోడ పోర్చుగీసు కాలంలో రేవు కాచిన గోడ అయి ఉండాలి. తర్వాతెవరో దాన్ని ఇంట్లో కలుపుకుని, బయట నిటారుగా ఇంకో గోడ లేపారు. కదులుతున్నది ఆ బయటిదే. దాని పునాది పక్కన సందులో కొత్తగా వేసిన నీళ్ల పైపు కారుతోంది. చేత్తో తవ్వితే మట్టి పిండిలా వచ్చింది.

సయీద్ కుటుంబం ఉండే గదుల తలుపు ఆ సందులోకే. పిల్లలు ఆ గోడకు ఆనుకునే ఆడుకుంటారు. వెంటనే ఖాళీ చేయమని చెప్పాను.

ముసలాయన నన్ను కిందికీ పైకీ చూశాడు. "తుమ్ భీ వకీల్ కా ఆద్మీ హో" అన్నాడు. నువ్వూ వకీల్ మనిషివే.

నేను ఖాదర్ గురించి అనుకున్న మాటే ఆయన నన్ను అన్నాడు. ప్లాన్ చూపించాను, పైపు చూపించాను. ఆయన తలుపుకు అడ్డంగా కూర్చున్నాడు. "గాజు మీరే పెడతారు, మీరే విరుస్తారు."

ఖాదర్ ఆయన ముందు గొంతుక్కూర్చుని గాజు పట్టీ, జిప్సం గిన్నె అందించాడు. "చాచా, ఆప్ లగావ్" అన్నాడు. మీరే పెట్టండి.

సయీద్ తనే అతికించాడు. మమ్మల్ని వీధి చివరిదాకా పొమ్మన్నాడు. పిల్లల్ని లోపలికి పంపబోతే ఖాదర్ ఒప్పుకోలేదు, తనతో సముద్రం ఒడ్డుకు తీసుకుపోయాడు. ఆయన మాత్రం స్టూలు వేసుకుని గాజు ఎదురుగా కూర్చున్నాడు. మధ్యాహ్నం జుహర్ నమాజ్ పిలుపు వినపడుతుండగా ఆయన కళ్ల ముందే గాజు విరిగింది, లేచాడు. మా వైపు చూడకుండా కోడల్ని పిలిచాడు. సామాన్లు బయటపెట్టమని అరబ్బీలో చెప్పాడు.

ఆ సాయంత్రానికి ఇల్లు ఖాళీ అయింది. సందుకు రెండు వైపులా తాడు కట్టించాను. మూడో రోజు మధ్యాహ్నం బయటి గోడ మొత్తం సందులోకి కూలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. దుమ్ము తగ్గాక చూస్తే లోపలి గోడ చెక్కు చెదరలేదు. దాని మధ్యలో, ఎప్పుడో రాళ్లతో మూసేసిన ఫిరంగి కన్నం సముద్రం వైపు తిరిగి ఉంది.

ఇల్లు పడగొట్టనక్కర్లేదు, పైపు బాగుచేసి బయటి గోడ మళ్లీ కడితే చాలునని రిపోర్టు రాశాను. వకీల్ మా ఆఫీసుకొచ్చి అరిచాడు. కానీ యజమాని ఆ గోడను చూడ్డానికి స్వయంగా వచ్చి, చాలాసేపు ఆ కన్నం ముందు నిలబడి, ఇంటిని ఉంచమన్నాడు. ఎండాకాలం ముగిసేలోపు సయీద్ మళ్లీ ఆ గదుల్లోకి వచ్చాడు.

ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఎన్నో పాత గోడలు చూశాను. టెల్‌టేల్ విరిగితే ఎవరు విరిచారన్న ఆలోచన రాకముందే ఎలా విరిగిందో చూడ్డం అలవాటు చేసుకున్నాను. పట్టీ పెట్టేటప్పుడు ఆ ఇంట్లో ఉండేవాళ్ల చేతే అతికిస్తాను.

ఖాదర్‌కు క్షమాపణ చెప్పాను. "పోనీలేండి సార్" అన్నాడు. తర్వాత కూడా ఒకే రూములో ఏడాది ఉన్నాం, ఒకే గిన్నెలో వండుకున్నాం. అంతకుముందు, చదువు రాని ఖాదర్ ఇంటికి ఉత్తరం రాయాలంటే పక్కన కూర్చుని చెబుతుంటే నేను రాసేవాణ్ణి, భార్య ఉత్తరాలూ నాచేతే చదివించుకునేవాడు. ఆ జనవరి తర్వాత ఉత్తరం వస్తే దాన్ని జేబులో పెట్టుకుని, చదివిపెట్టే మరో మనిషి కోసం రెండు వీధులు దాటి వెళ్లేవాడు.