ఉతికిన పెట్రోలు

మా బావ షెడ్డు ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు ఉంది. అద్దాల తలుపు, లోపల చల్లగాలి, బల్ల మీద మరక కూడా లేదు. అయినా ఆ వీధిలో నడిచినప్పుడల్లా నా ముక్కుకి పెట్రోలు వాసన తగులుతుంది. బావ పోయి ఆరేళ్ళయింది, షెడ్డు పోయి అయిదేళ్ళు. అది నా భ్రమేనని తెలుసు. తెలిసి కూడా ఆ కొట్టు ముందు కాస్త నెమ్మదిగా నడుస్తాను.

బావంటే మా అక్క మొగుడు, మోటారు సైకిళ్ళ మెకానిక్. అక్క ఆసుపత్రిలో రక్తపరీక్షల గదిలో పనిచేసేది. పెళ్ళికి ముందే తనకో పాత మోటారు సైకిలు ఉండేది. అది ఓ రోజు మొరాయిస్తే ఈయన షెడ్డుకి తోసుకెళ్ళింది. గంటలో అయ్యే పనికి ఈయన నాలుగు రోజులు తిప్పించుకున్నాడు. అయిదో రోజు అక్క బండితో పాటు మెకానిక్కుని కూడా ఇంటికి తెచ్చేసుకుందని నేను ఏడిపించేదాన్ని. అసలా బండికి రోగమే లేదని బావే ఒప్పుకునేవాడు, సిగ్గు లేకుండా. నేను అచ్చాఫీసులో పనిచేస్తూ వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. నా దస్తూరీ బావుంటుందని షెడ్డులో బోర్డులన్నీ నా చేతే రాయించేవాడు.

షెడ్డు గోడకి ఓ సన్నని పొడుగాటి గాజు సీసా వేలాడేది. దాని మీద బావ ఆకురాయితో గీతలు గీసుకున్నాడు. బంకులో కొత్త సరుకు దిగిందని తెలిస్తే చాలు, కాస్త తెచ్చి అందులో పోసి, కొలత ప్రకారం నీళ్ళు కలిపి, మూత బిగించి ఊపి, వెలుతురుకి ఎదురుగా పట్టుకునేవాడు. పెట్రోల్లో ఇథనాల్ ఉంటే అది పెట్రోలుని వదిలేసి నీళ్ళలో కలుస్తుంది, అడుగున నీళ్ళ మట్టం పెరుగుతుంది. ఎంత పెరిగితే అంత ఇథనాల్ అన్నమాట. వీధిలో వాళ్ళు పనులు మానుకుని ఆ సీసా వంక చూసేవాళ్ళు. బావ పోయించుకోమంటే పోయించుకునేవాళ్ళు, వద్దంటే మానేసేవాళ్ళు. ఆయన మాటంటే ఆ వీధికి అంత గురి.

ఆక్టేన్ సంగతి ఎత్తితే ఇక నోరు ఆగేది కాదు. ఆక్టేన్ అంటే పెట్రోలుకి ఉన్న ఓర్పు, అనేవాడు. పిస్టన్ వచ్చి ఎంత నొక్కినా, నిప్పురవ్వ పడేదాకా అది మండకుండా ఓర్చుకోవాలి. ఓర్పు లేనిది ముందే భగ్గుమంటుంది, ఇంజన్ టకటకా కొట్టుకుంటుంది. చిన్న బండికి ఖరీదైన తొంభైయేడు ఆక్టేన్ కొట్టించి రెక్కలొస్తాయని ఎదురుచూసే కుర్రాళ్ళని కూర్చోబెట్టి, పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం దేనికి నాయనా అని నవ్వేవాడు. ఓర్పు గురించి ఇన్ని చెప్పే మనిషి, భోజనం రెండు నిమిషాలు ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేసేవాడు. నేను రాసిన బోర్డుల్లో పెద్దది ఇది: "మీ బండి పుస్తకంలో ఏ అంకె ఉంటే ఆ పెట్రోలే. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు."

బావలో అసలైన లోపం ఒక్కటే. తప్పు తనదని ఛస్తే ఒప్పుకోడు. చిన్నప్పుడు బడి గడియారం రోజుకి రెండు నిమిషాలు వెనకబడుతోందని, ఎవరూ చూడకుండా విప్పి బాగుచేయబోయాడట. అది శాశ్వతంగా ఆగిపోయింది. వాళ్ళ డ్రిల్లు మాస్టారికి ఓ పద్ధతి ఉండేది. తప్పు చేసినవాడు వరసలోంచి ఒక అడుగు ముందుకు రావాలి. వస్తే శిక్ష లేదు, రాకపోతే అందరూ ఎండలో నిలబడాలి. ఆ రోజు ఎవరూ ముందుకు రాలేదు. ముప్పైమంది పిల్లలు మధ్యాహ్నం దాకా మాడిపోయారు, వాళ్ళలో బావా ఒకడు. ఈ సంగతి పెళ్ళయ్యాక అక్కకి ఒక్కదానికే చెప్పాడు. అక్క నాకు ఒక్కదానికే చెప్పింది.

ఆ డ్రిల్లు మాస్టారు పదవీ విరమణ చేశాక బావ దగ్గరికే బండి తెచ్చేవారు. నాకంటే వయసులో పెద్ద బండి అది.

తర్వాత బంకు పెట్రోల్లో ఇథనాల్ పాలు పెరిగింది. కొత్త బళ్ళు దానికి తగ్గట్టే తయారయ్యాయి కాబట్టి వాటికి చింత లేదు. పాత బళ్ళలో రబ్బరు గొట్టాలు ఉబ్బి పగిలేవి, నెలల తరబడి కదపని ట్యాంకుల అడుగున తేమ చేరి తుప్పు పట్టేది. రోజూ ఎవరో ఒకరు బండి తోసుకొచ్చి, ఏదో ఒకటి చెయ్యమని ప్రాణం తీసేవారు. సీసా వంక చూస్తుంటే బావకి ఓ ఆలోచన తట్టింది. నీళ్ళు పోస్తే ఇథనాల్ విడిపోతోంది కదా, మొత్తం పెట్రోలునే నీళ్ళతో కడిగేస్తే పోలేదా? అడుగున కుళాయి ఉన్న పెద్ద గాజు జాడీ సంపాదించాడు. పెట్రోలు పోసి, నీళ్ళు పోసి, బాగా కలిపి, అడుగున చేరింది వదిలేసి, పైన తేలింది అక్క బండిలో పోశాడు.

దానికి ఉతికిన పెట్రోలని పేరు పెట్టింది నేనే. పేరు వీధంతా పాకింది. నెల తిరిగేసరికి తొమ్మిది పాత బళ్ళు దాని మీదే నడుస్తున్నాయి. అందులో అక్కదీ, మాస్టారిదీ ఉన్నాయి. నా మాట మీద పోయించుకోండని బావ అందరికీ భరోసా ఇచ్చాడు.

మొదట అక్క బండే గొడవ మొదలుపెట్టింది. ఆసుపత్రి దారిలో రోడ్డు ఎత్తెక్కే చోట ఇంజన్ లోపల టకటకమని చప్పుడు. బావ ఇంజన్ మూడుసార్లు విప్పి బిగించాడు. మసి అన్నాడు, ప్లగ్గు అన్నాడు, చివరికి అక్కకి గేరు మార్చడం రాదన్నాడు. అక్క పరీక్షలు చేసే మనిషి కదా, ఒకసారికి ఒక్కటే మార్చి చూడటం దానికి అలవాటు. ట్యాంకు ఖాళీ చేయించి, బంకులో మామూలు పెట్రోలు పోయించి, అదే ఎత్తు ఎక్కింది. చప్పుడు లేదు. మళ్ళీ ఉతికింది పోసి ఎక్కింది. చప్పుడు మొదలైంది.

ఆ సాయంత్రం వంటింట్లో బండి పుస్తకం తెరిచి బావ ముందు పెట్టింది. ఇథనాల్‌కి ఆక్టేన్ ఎక్కువ. బంకు పెట్రోలు తొంభైయొకటి అయిందంటే దాని బలం కలుపుకునే అయింది. దాన్ని కడిగేస్తే మిగిలేది ఏ ఎనభై ఎనిమిదో. తన బండికి తొంభైయొకటికి తగ్గకూడదని పుస్తకంలో ఉంది, మాస్టారి బండికీ అంతే. "జబ్బుతో పాటు ఓర్పు కూడా కడిగేశారు మీరు" అంది అక్క.

మర్నాడు పొద్దున్నే మాస్టారు భార్యని వెనక కూర్చోబెట్టుకుని కొండ అవతల ఉన్న అన్నగారి దగ్గరికి బయల్దేరుతున్నారు. ట్యాంకు నిండా బావ ఉతికిందే ఉంది. అంత ఎత్తు అలా కొట్టుకుంటూ ఎక్కితే పిస్టన్‌కి చిల్లి పడుతుంది. ఆ మలుపుల్లో బండి పట్టేస్తే ఏమవుతుందో ముగ్గురికీ తెలుసు.

బావ పొద్దున్నే వెళ్ళి, ఫిల్టరు చూడాలని చెప్పి పెట్రోలు మార్చేస్తానన్నాడు. పామూ చావదు, కర్రా విరగదు. అక్క ఒప్పుకోలేదు. అబద్ధం చెప్పి మారిస్తే ఊరి నుంచి వచ్చాక ఆయన మళ్ళీ ఉతికిందే పోయమంటారు, మిగతా ఏడుగురూ పోయించుకుంటూనే ఉంటారు అంది.

"చెబితే ఇక నా మాట ఎవడు వింటాడే?" అన్నాడు బావ.

నాకు ఆయన్ని చూస్తే జాలేసింది. నన్ను చూసుకుంటే సిగ్గేసింది, నవ్వుతూ ఆ పేరు పెట్టింది నేనేగా.

పొద్దున్నే బావ ఓ ఖాళీ డబ్బా, బంకు పెట్రోలు నింపిన డబ్బా పట్టుకుని బయల్దేరాడు. నేను గరాటు పట్టుకుని వెంట నడిచాను. మాస్టారి వాకిట్లో బండికి సంచీ కట్టి ఉంది. వాళ్ళావిడ తలకి రుమాలు చుట్టుకుంటోంది. సాగనంపడానికి పక్కింటాయన వచ్చి నిలబడ్డాడు. ఆయన బండి కూడా ఆ తొమ్మిదింట్లో ఒకటి.

"ఏంట్రా పొద్దున్నే?" అన్నారు మాస్టారు.

"ఫిల్టరు..." అని ఆగిపోయాడు బావ. ఆయన డబ్బాలు రెండూ కింద పెట్టాడు. కాళ్ళు దగ్గరగా చేర్చాడు. నలభై నాలుగేళ్ళ మనిషి, చేతులు పక్కకి ఆనించి ఒక అడుగు ముందుకు వేశాడు.

"తప్పు నాది మాస్టారూ. పెట్రోలు ఉతకడం తప్పు. అది పోసుకుని కొండెక్కితే ఇంజన్ పోతుంది. నాకు తెలియకపోయినా తెలుసని చెప్పాను."

పక్కింటాయన నా వంక చూశాడు. మాస్టారు మాత్రం బావ కాళ్ళ వంకే చూస్తున్నారు.

"గడియారం కూడా నువ్వేనా?" అన్నారు.

బావ చెవులు ఎర్రబడ్డాయి. ఇంకో అడుగు ముందుకు వేశాడు.

"నేనే మాస్టారూ."

మాస్టారు తలూపారు. "సరే, పెట్రోలు తియ్యి. ఎండెక్కకముందు బయల్దేరాలి" అన్నారు.

బావ వంగి గొట్టం విప్పుతుంటే పక్కింటాయన తనింటికి వెళ్ళి బండి తోసుకొచ్చాడు. దాన్ని మాస్టారి బండి వెనక నిలబెట్టి, "మరి నా దాంట్లో ఏది పొయ్యాలో చెప్పు" అన్నాడు. బావ తలెత్తి ఆయన్ని చూశాడు. డబ్బా అందుకున్నాడు, నేను గరాటు పట్టుకున్నాను. బావ చూపు డబ్బా మీద లేదు, సగం పెట్రోలు నా చేతుల మీదే పడింది. ఎన్నిసార్లు కడుక్కున్నా ఆ రోజంతా నా చేతులకి అదే వాసన.