నేను మోగించిన సైరన్

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. ఇరాక్ దక్షిణాన, ఎడారి అంచున, మూతపడ్డ ఒక సిమెంటు కార్ఖానా గేటు ముందు మా బండి ఆగింది. నీడలో నలభై ఆరు డిగ్రీలు. ఆరుగురం దిగాం. అందరం మన ఆర్మీలో చేసి పెన్షన్ తీసుకుంటున్నవాళ్ళమే. మనిషికో రైఫిల్, నాలుగు మ్యాగజీన్లు, ఒక బులెట్‌ప్రూఫ్ జాకెట్, ఒక వాకీటాకీ. ఆర్డర్లు చిన్నవి. గేటు తెరవకూడదు. బయటివాళ్ళతో మాట్లాడకూడదు. కార్ఖానాలో ఏదీ ముట్టుకోకూడదు.

మొదటి రెండూ పాటించాను, పాటించకూడని రోజు కూడా. మూడోది తప్పాను.

నేను సిగ్నల్స్‌లో పదిహేడేళ్ళు చేసి హవల్దారుగా బయటికొచ్చినవాణ్ణి. జంషెడ్‌పూర్ భుయ్యాడీహ్‌లో కట్టుకుంటున్న ఇంటికి అప్పటికి శ్లాబు పడలేదు. అమ్మాయి నర్సింగ్‌లో చేరింది. ఒక ప్రైవేటు సెక్యూరిటీ కంపెనీ మాజీ సైనికులను ఇరాక్ తీసుకెళ్తోందని విని సంతకం పెట్టాను. ఏడాది కాంట్రాక్టు. మధ్యలో పంపించేస్తే తిరుగు టికెట్ మనమే కొనుక్కోవాలి, బోనసు పోతుంది.

ఎంత ఇచ్చేవారని మా వీధిలో అందరూ అడుగుతారు. అక్కడ జీతం పనిని బట్టి కాదు, పాస్‌పోర్టును బట్టి. కంపెనీ పెద్ద క్యాంపులో ఒకే టవర్ మీద ఒకే రకం రైఫిల్ పట్టుకుని నిలబడ్డా, నా జీతం వేరు, ఉగాండా గార్డు జీతం వేరు. యూరప్ నుంచి వచ్చిన సూపర్‌వైజరు జీతంలో మా జట్టంతా బతకొచ్చు. ఉగాండా వాడికి నాకంటే తక్కువని తెలిసిన రోజు నాకు సిగ్గేయలేదు. లోపల కాస్త గర్వంగానే ఉంది. అప్పటి మనిషిని దాచి ఈ కథ చెప్పలేను.

కార్ఖానా వెనక టౌన్‌షిప్ ఉంది. యుద్ధంలో ఒకసారి, తర్వాత పార్టీల తగాదాల్లో ఇంకోసారి కార్ఖానా ఆగిపోయి, జనం క్వార్టర్లు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. మొదటి రోజు గస్తీలోనే నాకు ఒళ్ళు జలదరించింది. ఎందుకంటే ఆ దారులు నాకు తెలుసు. వరసల క్వార్టర్లు, ప్రతి వరస చివర నీళ్ళ కుళాయి, ఇంటి నంబరు గోడ మీద నల్ల రంగుతో. మూల తిరిగితే ఆటల మైదానం వస్తుందనుకున్నాను. వచ్చింది. దాని పక్కన క్లబ్బు ఉండాలి కదా అనుకున్నాను. ఉంది. నేను పుట్టి పెరిగింది జంషెడ్‌పూర్‌లోని అగ్రికో పేటలో, స్టీలు కంపెనీ క్వార్టర్‌లో. ఎవరో మా పేటను ఎత్తుకొచ్చి, మనుషుల్ని దులిపేసి, ఇసుకలో పెట్టినట్టుంది. గడపల దగ్గర విడిచిన చెప్పులు విడిచినట్టే ఉన్నాయి. వాటి నిండా ఇసుక.

మా జట్టులో జనరేటర్ ఆపరేటరు కూడా జంషెడ్‌పూర్ వాడే. మాంగో అనే పేటలో ఇల్లు. ఆర్మీ వర్క్‌షాపులో మెకానిక్‌గా చేశాడు. వాళ్ళ పెద్దలదీ మాలాగే శ్రీకాకుళం వైపు. నన్ను అన్నయ్యా అనేవాడు. గేటు పక్కన, కార్మికులకి హాజరు వేసే టైమాఫీసు కప్పు మీద పాత సైరన్‌ను కనిపెట్టింది అతనే.

"అన్నయ్యా, మోటారు భేషుగ్గా ఉంది. బేరింగుకి గ్రీజు ఎడితే మోగిపోద్ది."

"ముట్టుకోవద్దని ఆర్డరు."

"ఆర్డరేసినోడు సిటీలో ఏసీ కింద తొంగున్నాడు. నీకు మోగాలనుందా, నేదా? అది సెప్పు."

నేను కప్పు వైపు చూశాను.

"నాకెరిక. మీ అగ్రికో వోళ్ళకి సైరన్ ఇనబడకపోతే ఆకలి కూడా ఎయ్యదు."

నిజమే. మా అమ్మ గడియారం చూసి ఎసరు పెట్టిన రోజు నేనెరగను. సైరన్ మోగితే పొయ్యి వెలిగేది, మళ్ళీ మోగితే నాన్న సైకిలు గుమ్మంలో ఆగేది. ఆ ఎడారిలో పగలు ఎప్పుడు మొదలయ్యేదో, ఎప్పుడు ముగిసేదో నాకు ఒంట్లో తెలిసేది కాదు.

మర్నాడు ఉదయం ఆరింటికి మోగించాం. ఆ కూత ఖాళీ క్వార్టర్ల మీదుగా వెళ్ళి ఎడారిలోకి పోయింది. ఆ రోజు నాకు తిండి సయించింది. రోజూ మోగించడం మొదలుపెట్టాం. వినేవాళ్ళెవరున్నారని?

నాలుగో రోజు ఉదయం గాలి లేదు. తెల్లటి ధూళి నేలకి ఆనుకుని ఉంది. నేను గేటు టవర్ మీద ఉన్నాను. ధూళిలో నీలం చుక్కలు కనిపించాయి. ఎండమావి అనుకున్నాను. చుక్కలకి కాళ్ళు వచ్చాయి. నీలం పని బట్టలు, పసుప్పచ్చ హెల్మెట్లు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. గేటు ముందుకొచ్చి, చెయ్యి చాచినంత దూరంలో ఒకరి వెనక ఒకరు, ఒకే వరుసలో నిలబడ్డారు. వాకీటాకీలో మా కంట్రోల్ రూముని పిలిచాను.

"కంట్రోల్, గేట్ వన్. గేటు ముందు మనుషులు. ముప్పై, నలభై మంది."

"ఆయుధాలు?"

"టిఫిన్ డబ్బాలు."

"మళ్ళీ చెప్పు."

"టిఫిన్ డబ్బాలు."

కాసేపు గరగర. తర్వాత, "ఎందుకొచ్చారు?"

"తెలీదు" అన్నాను. అది మొదటి అబద్ధం.

మా దగ్గర ఒక దుబాసీ ఉండేవాడు. ఆ చుట్టుపక్కలవాడే, వెనక గోడకున్న చిన్న తలుపులోంచి రోజూ ఊళ్ళోకి వెళ్ళొచ్చేవాడు. హిందీ సినిమాలు చూసి హిందీ నేర్చుకున్నాడు. బయటివాళ్ళతో మాట్లాడే అనుమతి అతనొక్కడికే ఉంది. గేటు ఊచల దగ్గరికెళ్ళి వరుసలో మొదటి మనిషితో మాట్లాడాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, తెల్ల గడ్డం. ఆ కార్ఖానాలో క్రేన్ ఆపరేటరు.

దుబాసీ తిరిగొచ్చి తల పైకెత్తి నన్ను చూశాడు. "సైరన్ విన్నారట. గాలి అటు వీస్తే వాళ్ళ ఊరిదాకా వినిపిస్తుంది. మూడు రోజులు విని, నిజమేనని నమ్మకం కుదిరాక వచ్చారు. డ్యూటీకి. ఎవరు మోగించారని అడుగుతున్నారు. ఏం చెప్పను?"

"టెస్టింగ్ అని చెప్పు" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి రావాల్సింది కాదు. మా చిన్నాన్న పనిచేసిన కార్ఖానా జంషెడ్‌పూర్‌లోనే మూతపడింది. చాలా రోజుల తర్వాత లోపల ఎవరో ఒక మోటారు తిప్పి చూశారు. టెస్టింగ్ అన్నారు. టెస్టింగ్ అంటే తెరవబోతున్నారనే కార్మికుడికి అర్థం. చిన్నాన్న ఆ తర్వాత ఏళ్ళ తరబడి పొద్దున్నే ఇస్త్రీ బట్టలు వేసుకుని ఆ గేటు దాకా వెళ్ళి వచ్చేవాడు. చిన్నప్పుడు ఆయన వెనకే నడిచి చూసినవాణ్ణి నేను. అయినా టెస్టింగ్ అన్నాను.

దుబాసీ చెప్పగానే క్రేన్ ఆపరేటరు వెనక్కి తిరిగి ఏదో అన్నాడు. వరుసంతా నవ్వింది. సాయంత్రం దాకా నిలబడి వెళ్ళిపోయారు.

ఆ రోజే సైరన్ ఆపేశాం. మర్నాడూ వచ్చారు, ఆ తర్వాతా వచ్చారు. నాలుగు రోజులు చూసి దుబాసీని పంపాను. సైరన్ మోగడం లేదు కదా, ఎందుకొస్తున్నారని అడగమన్నాను.

"ఈ రోజు కూడా మోగిందంటున్నారు" అన్నాడు దుబాసీ. "ఒకరు కాదు. అందరూ."

నేను జనరేటర్ షెడ్డుకి పరుగెత్తాను. ఆపరేటరు జేబులోంచి సైరన్ ఫ్యూజు తీసి చూపించాడు.

"నాను ముట్టుకుంటే ఒట్టు అన్నయ్యా. ఇది లేకుండా ఎలా మోగుద్ది?" ఫ్యూజు మళ్ళీ జేబులో వేసుకుని, గొంతు తగ్గించి, "ఆల్లతో సెప్పీ. ఊసుపోక మోగించీసినాం, పనీ లేదు గినీ లేదు, ఎల్లిపోండని సెప్పీ. తిడతారు. పడదాం."

"బయటపడితే మనిద్దర్నీ ఇంటికి పంపేస్తారు."

"పంపితే ఏటి? మాంగో బ్రిడ్జి మూసీసారా? ఆటో దొరకదా మనకి?"

నాకు శ్లాబు గుర్తొచ్చింది. అమ్మాయి ఫీజు గుర్తొచ్చింది. చూద్దాం అన్నాను.

మరో రెండు రోజులకు దుబాసీ నా పక్కన కూర్చుని సిగరెట్టు వెలిగించాడు. అక్కడి రాజకీయం అతను ముక్తసరిగా చెప్పాడు. బయట రోడ్డు ఒక పార్టీ సాయుధుల చేతిలో ఉంది. కార్ఖానా యంత్రాలను తుక్కు కింద అమ్ముకోవాలని వాళ్ళ ఆలోచన. పని కావాలని గేటు ముందు రోజూ నిలబడే మనుషులు వాళ్ళకి అడ్డం.

"వీళ్ళని తీసుకుపోతారు. ఎక్కడికని అడక్కు. రావద్దని నేను చెబితే నమ్మడం లేదు. సైరన్ మోగించినవాడు చెబితే నమ్ముతారు." పొగ వదిలి మళ్ళీ అన్నాడు. "ఊళ్ళో ఏమంటున్నారో తెలుసా? మా కార్ఖానాని మా నుంచే కాపలా కాయడానికి ఎక్కడివాళ్ళనో తెచ్చారని."

ఆ మాట నాకు కొత్త కాదు. జార్ఖండ్‌లో ఎన్నికలొచ్చినప్పుడల్లా మేం బయటివాళ్ళం. శ్రీకాకుళం వెళ్తే చుట్టాలు బీహారోళ్ళు అంటారు. జీవితమంతా ఆ మాటకి మండిపడ్డాను. ఆ టవర్ మీద మాత్రం అది నాకు కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

రేపు చెప్తాను అన్నాను. ఆ మర్నాడు కూడా పొద్దుట చెప్పి ఉండొచ్చు. మధ్యాహ్నం భోజనాలయ్యాక చెబుదామనుకున్నాను.

పన్నెండున్నరకి పడమట ఆకాశం ఇటుకరంగుకు తిరిగింది. ఇసుక తుఫాను. ఎడారి లేచి నిలబడి నడిచొస్తున్నట్టుంది. క్రేన్ ఆపరేటరు గేటు దగ్గరికొచ్చి, తల పైకెత్తి, అరచెయ్యి లోపలివైపు చూపించాడు. అడిగింది లోపల కాస్త చోటు. దానికి దుబాసీ అక్కర్లేదు.

"కంట్రోల్, గేట్ వన్. తుఫాను వస్తోంది. వాళ్ళని టైమాఫీసులోకి రానివ్వమంటారా?"

"గేటు తెరవద్దు."

నేను చేత్తో కాదన్నాను. ఆయన తల ఊపాడు. కోపం లేదు. గేటు కాపలావాడికి ఆర్డరుంటుందని కార్ఖానా మనిషికి తెలుసు. తన హెల్మెట్ తీసి గేటు ముందు నేల మీద వెల్లకిలా పెట్టాడు. ఎగిరిపోకుండా లోపల ఒక రాయి వేశాడు. వెనకున్నవాళ్ళూ అలాగే చేశారు. మా వీధిలో ట్యాంకరు నీళ్ళకి బకెట్ పెట్టి ఇంటికెళ్ళినట్టు, వరుసలో తమ చోటు పెట్టుకుని, రోడ్డవతల పాడుబడ్డ పంపుహౌసు వైపు పరుగెత్తారు. అంతలో ధూళి కమ్మేసింది. నా చెయ్యి నాకు కనపడలేదు.

ఎంతసేపో తెలీదు. ఆ హోరులో బండ్ల ఇంజన్లు వినిపించాయి. ఒకటి కాదు. ఆగాయి. తలుపులు పడ్డాయి. మళ్ళీ కదిలాయి.

"కంట్రోల్, పంపుహౌసు వైపు లారీల శబ్దం."

"కనిపిస్తున్నాయా?"

"లేదు."

"కనిపించనిది రిపోర్టు చెయ్యకు."

సాయంత్రానికి తేటపడింది. హెల్మెట్లు వరుసలో ఉన్నాయి, సగం ఇసుకలో కూరుకుపోయి. పంపుహౌసులో ఎవరూ లేరని దుబాసీ చూసొచ్చి చెప్పాడు. మర్నాడు ఎవరూ రాలేదు.

వారం తర్వాత దుబాసీ చెప్పాడు. సాయుధులు అందర్నీ లారీల్లో తీసుకుపోయారు. ఇంకెప్పుడూ గేటు దగ్గరికి రామని రాయించుకుని వదిలేశారు. క్రేన్ ఆపరేటర్ని మాత్రం వదల్లేదు. అందరికంటే ముందు నిలబడ్డాడు కనక అతనే నాయకుడనుకున్నారట. నేనక్కడ ఉన్నన్నాళ్ళూ ఆయన తిరిగి రాలేదు.

ఆ మాట విన్న మర్నాడు, ఉదయం ఆరింటికి, నేనూ ఆపరేటరూ టీ తాగుతున్నాం. సైరన్ మోగింది. సన్నగా మొదలై, పైకి లేచి, నిలిచి, దిగింది. ఆపరేటరు చేతిలో గ్లాసు ఆగిపోయింది. రెండో చేత్తో జేబు తడుముకున్నాడు. ఫ్యూజు అక్కడే ఉంది.

"ఇన్నావా అన్నయ్యా?"

"లేదు" అన్నాను.

సెప్టెంబరులో కార్ఖానాని ఆ పార్టీవాళ్ళకే అప్పగించారు. కాంట్రాక్టు కంపెనీయే ముందుగా ముగించింది కనక మాకు బోనసు పూర్తిగా ఇచ్చారు. బయలుదేరే ఉదయం గేటు తెరిచాం. నేనక్కడికి వచ్చాక అది తెరుచుకోవడం మళ్ళీ అప్పుడే. బండి వెళ్ళాలంటే హెల్మెట్ల మీంచి వెళ్ళాలి. డ్రైవరు గేరు వేశాడు. నేను దిగాను. ఒక్కొక్కటే ఇసుకలోంచి తీసి, రాయి మళ్ళీ లోపల పెట్టి, రోడ్డు పక్కన పేర్చాను. ఎవరి వెనక ఎవరో తప్పిపోకుండా. సూపర్‌వైజరు పక్క సీట్లోంచి చెయ్యి చాచి హారన్ కొడుతూనే ఉన్నాడు. ఆపరేటరు కూడా దిగి నాతోపాటు మోశాడు. క్రేన్ ఆపరేటరు హెల్మెట్ మొదట పెట్టాం.

ఇప్పుడు మా ఇంటికి శ్లాబు ఉంది. అమ్మాయి డ్యూటీకి వెళ్తోంది. ఎండాకాలంలో మా వీధికి ట్యాంకరు వస్తుంది, బకెట్లు వరుసగా ఉంటాయి. మొన్న ఆ వరుసలో మా ముందు ఎవరో కాంట్రాక్టు కార్మికుడు తన హెల్మెట్ పెట్టి వెళ్ళాడు. పసుప్పచ్చది. వరుస కదిలింది. నేను కదల్లేదు.

"ఏటండీ, అలాగ నిలబడిపోనారు? దాటి ముందుకెల్లండి" అంది మా ఆవిడ.

"ఆయన్ని రానీ."

"ఎవుర్ని?"

వెనకవాళ్ళు హిందీలో తిట్టడం మొదలుపెట్టారు. అప్పుడే మా ఊరి సైరన్ మోగింది. ఎవరూ తలెత్తలేదు. నేను మాత్రం మళ్ళీ ఆ ఎడారి రోడ్డు మీద, కదులుతున్న బండి వెనక అద్దంలోంచి చూస్తున్నాను. మేం వదిలేసిన గేటు బార్లా తెరిచి ఉంది. రోడ్డు పక్కన హెల్మెట్లు వరుస తప్పకుండా ఉన్నాయి, మొదటిది గేటుకి దగ్గరగా.