గడువు దాటిన సంతకం

ఈరీ ఊళ్లో వెర్నా పొడోల్స్కీని ఎవరూ వేలెత్తి చూపింది లేదు. ఆసుపత్రి లాండ్రీలో ఇరవై ఆరేళ్ల చాకిరీ. మొగుడు పోయిన నెలలో కూడా కరెంటు బిల్లు ఆలస్యం చేయని మనిషి. అలాంటామె గుమ్మంలోకి, జనవరి మంచులో, షెరీఫ్ ఆఫీసు మనిషి వచ్చి కోర్టు కాగితాలు పెట్టి వెళ్లాడు.

కూతురు కొలెట్ విమానాల మరమ్మతు చదువుతానంటే, ప్రైవేటు బ్యాంకు అప్పుకి తొమ్మిదేళ్ల కిందట వెర్నా హామీ సంతకం పెట్టింది. రెండో ఏడు సగంలో కాలేజీ మూతపడింది. పట్టా రాలేదు, అప్పు మాత్రం మిగిలింది. కొన్నాళ్లు ఇద్దరూ కట్టి, ఇక చేతకాక మానేశారు. మానేసి ఐదేళ్లు దాటింది. బ్యాంకు ఆ బాకీని ఎవరికో అమ్మేసింది. కొన్న కంపెనీ, ఇల్లూ ఉద్యోగమూ ఉన్న తల్లి ఒక్కదాని మీదే పంతొమ్మిది వేల డాలర్లకు దావా వేసింది.

పేదల తరఫున ఉచితంగా వాదించే లాయరు రెనాటా కాగితాలు చదివి చెప్పింది:

"ఇలాంటి బాకీకి మన రాష్ట్రంలో నాలుగేళ్లలోపే కోర్టుకెక్కాలండీ. గడువు దాటింది. కానీ కోర్టు తనంతట తాను కొట్టేయదు. మీరొచ్చి ఆ మాట చెప్పాలి. రాకపోతే వాళ్లే గెలుస్తారు."

"అప్పు తీసుకున్నది నిజమేగా? పాతబడిందని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"ఇల్లు పోయాక ఏ మొహం పెట్టుకుంటారో, దానికన్నా ఇదే మేలు."

వెర్నాకు నవ్వు రాలేదు.

వాయిదా రోజు కొలెట్ పిట్స్‌బర్గ్ నుంచి వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. రెనాటా గడువు సంగతి చెప్పగానే అవతలి లాయరు ఒక కాగితం తీశాడు. రెండేళ్ల కిందట, మే నెలలో, నలభై డాలర్లు ఈ బాకీ కింద ముట్టాయట. గడువు ఆ రోజు నుంచి మళ్లీ మొదలైనట్టేనట.

"మీరు కట్టారా?" రెనాటా చెవిలో అడిగింది.

వెర్నా కట్టలేదు. వెనక్కి తిరిగి చూసింది. కూతురి మొహంలో నెత్తురు చుక్క లేదు.

"మీరు కట్టకపోతే గండం గడిచినట్టే. ఇంకొకరి చెల్లింపు మీ గడువును కదపదని వాదిస్తాను."

"ఆ ఇంకొకరి గతి?"

"కట్టినవాళ్ల గడువు మళ్లీ మొదలవుతుంది. వాళ్ల మీద దావా వేయొచ్చు."

"చెప్పండమ్మా, ఆ డబ్బు ఎవరు కట్టారు?" అన్నాడు జడ్జి.

వెర్నా లేచింది. "నేనే... నేనే కట్టి ఉంటాను."

"ప్రమాణం చేశారు. ఆలోచించుకుని చెప్పండి."

"అమ్మ కాదు సార్!" వెనక కొలెట్ నిలబడింది. "నేను కట్టాను. నా కార్డుతో. కావాలంటే చూసుకోండి."

కార్డు నంబరు సరిపోయింది. వెర్నా మీద కేసు ఆ మధ్యాహ్నమే కొట్టేశారు. అవతలి లాయరు తలుపు దగ్గర ఆగి, కొలెట్ చిరునామా మర్యాదగా అడిగి రాసుకున్నాడు.

మెట్ల మీద వెర్నా కూతురి మోచెయ్యి పట్టుకుంది. "ఎవరు లేవమన్నారే నిన్ను?"

"ఆ బాకీ కంపెనీ మనిషి రోజూ ఫోన్ చేసేవాడు. నలభై కడితే మీ అమ్మ జోలికి రామన్నాడు. అందుకే కట్టా."

"నాకొక్క మాట చెప్పకుండా?"

"చెప్తే కట్టనిస్తావా నువ్వు?"

వెర్నా ఆమె మోచెయ్యి వదిలి కారు వైపు నడిచింది.

ఆరు వారాలకు పిట్స్‌బర్గ్‌లో కొలెట్‌కు కాగితాలు అందాయి. ఈసారి గడువు మాట ఎత్తే దారి లేదు. రెనాటా బేరమాడి ఏడు వేలకు ఒప్పించింది. నెలకు నూట పాతిక చొప్పున కట్టాలి. కొలెట్ తను పనిచేసే టైర్ల షాపులో శనివారాలు కూడా పని ఒప్పుకుంది. తల్లి చెక్కు పంపితే చించి, ఆ ముక్కలే కవర్లో తిప్పి పంపింది.

"గెలిచావుగా వెర్నా, కేకు ఎప్పుడు తెస్తున్నావ్?" అని లాండ్రీలో ఆడవాళ్లు ఆటపట్టించారు.

ఆమె తడి దుప్పట్లు మరలోంచి లాగుతూనే ఉంది, తల ఎత్తలేదు.