చక్రపాణిగారి సబ్బులేని స్నానం

చక్రపాణిగారు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో అకౌంట్స్ చెబుతారు. అది ఉద్యోగం. వృత్తి మాత్రం కంగారు పడటం.

నిరుడు చలికాలంలో ఆయన గుండె ఒకసారి గాభరా పెట్టి ఊరుకుంది. ఆసుపత్రి వరండాలో ఆయన భార్య నాగేశ్వరి మొక్కుకున్నారు: మనిషి ఇంటికొస్తే, హనుమజ్జయంతి నాడు కర్మన్‌ఘాట్ స్వామికి స్వయంగా పెంచిన తమలపాకులతోనే దండ వేయిస్తానని. ఎల్‌బీ నగర్ అద్దె ఇంటి డాబా మీద, నీడపట్టున, పెద్ద కుండీలో తీగ వెలసింది. తన ప్రాణమూ దాని ప్రాణమూ ఒకటేనని చక్రపాణిగారు లెక్క కట్టుకున్నారు. అకౌంట్స్ మాస్టారు కదా, రెండువైపులా సరిపోవాలి.

వేసవిలో బోరు ఎండింది. ట్యాంకరు తనకు బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది. నాగేశ్వరి నీళ్లకు ఒక ధర్మశాస్త్రం ఏర్పరిచారు. బియ్యం కడిగినవి ఉత్తమం, కూరలు కడిగినవి మధ్యమం, గిన్నెలు తొలిచినవి అధమం. స్నానం నీళ్ల ఊసే నిషిద్ధం.

"ఒంటిమీది నీళ్లు తాగిన ఆకు స్వామి మెళ్లో వేస్తామా? అపచారం!"

ఇద్దరు తినే బియ్యానికి ఎన్ని నీళ్లొస్తాయి? తీగ తల వాల్చింది. చక్రపాణిగారికి ఎడమ చెయ్యి లాగడం మొదలైంది.

చివరికి ఆయన పాపానికి ఒడిగట్టారు. ప్లాస్టిక్ టబ్బులో నిలబడి, సబ్బు తీగకు పడదేమోనని దాన్ని ముట్టకుండా స్నానం చేసి, ఆ నీళ్లు బకెట్లోకి ఎత్తి, కుక్కర్ కూతల మాటున డాబా మీదికి మోశారు. ఇక రోజూ అదే నిత్యకృత్యం. తీగ లేచి కూచుంది. మెట్రోలో ఆయన పక్క సీటు తరచూ ఖాళీగా ఉండసాగింది.

"చూశారా, స్వామి మహిమ!" అన్నారు నాగేశ్వరి.

ఆయనకు చెమటలు పట్టాయి. సబ్బు మానేసిన మనిషికి అదేమంత మంచిది కాదు. నిజం చెబితే ఆకులు పనికిరావు, మొక్కు చెడుతుంది. చెప్పకపోతే, ప్రాణం నిలిపిన దేవుడికి తన స్నానం నీళ్లు నివేదించినట్టు.

జయంతికి ముందురోజు, డాబా మీద ఒడియాలు ఎండబెట్టి దిగుతున్న ఇంటి ఓనరు సోమమ్మ మెట్ల మీద ఎదురైంది.

"ఏంది సారూ, గుండె బాగ లేదంటిరి, గీ బకెట్ ఏడికి మోస్తున్నరు?"

"తీగకండీ."

"ట్యాంకర్ నీళ్లు చెట్లకు పోయొద్దన్న గదా. ఎవ్వలి నీళ్లివి?"

ఏ ఆడిటరూ అంత సూటిగా అడిగి ఉండడు. "నావే," అన్నారు చక్రపాణిగారు.

"నాగేశ్వరమ్మా, మీ సారు గిట్ల మోస్తుండు, జర పైలం!"

నాగేశ్వరి గుమ్మంలోకొచ్చారు. "తెలుసు సోమమ్మగారూ. ఈయన సబ్బు మీద అక్షరాలు ఇంకా చెరగలేదు."

"మరి... అపచారం?" ఆయన బకెట్ మెట్టు మీద దించారు.

"స్వామికి ఎప్పుడో విన్నవించాను. ఇష్టం లేకపోతే తీగను ఎండబెట్టెయ్యమన్నాను. ఎండబెట్టలేదుగా! రేపు మాత్రం సబ్బు రాసుకోండి. గుళ్లో జనం ఉంటారు."

దండ స్వామి మెళ్లో పడింది. ఆ ముఖంలో అభ్యంతరమేమైనా కనబడుతుందేమోనని చక్రపాణిగారు గుండె మీద చెయ్యేసుకుని, హారతి అయ్యేదాకా చూస్తూనే నిలబడ్డారు. ఏమీ కనబడలేదు.

తిరిగొచ్చేసరికి ఆకులు కోసిన తీగ బోసిగా ఉంది. కుండీలో మట్టి బీటలిచ్చింది. ఆనాటి సబ్బు నీళ్లన్నీ మోరీ పాలయ్యాయి. ఆయన ఎడమ చెయ్యి మళ్లీ లాగింది.

మర్నాడు బాత్‌రూమ్‌లో టబ్బు సిద్ధంగా ఉంది. సబ్బు లేదు.

"నాగేశ్వరీ, సబ్బేదీ?"

"దాచాను. బకెట్ మాత్రం నేను మోస్తాను. త్వరగా కానివ్వండి, అక్కడ తీగ ఎండుతోంది."