బహుమతి రాయి కింద మూత

దేముడు నడిచేటప్పుడు మనుషుల మొహాలు చూడడు, రోడ్డు చూస్తాడు. ముప్ఫై ఏళ్ళుగా కలకత్తా మురుగుకాలువల్లో దిగుతున్న మనిషి. భుజాన ఇనుపకొక్కెం, మ్యాన్‌హోల్ మూత కనిపిస్తే చాలు, వంగి చెవి ఆనించి, కింద నీళ్ళు నడుస్తున్నాయో లేదో వింటాడు. టీ తాగేముందు మూడుసార్లు చేతులు కడుగుతాడు. నగరంలో ఒక కొత్త సభాభవనం కట్టేటప్పుడు, "ఈ మూత మీద కట్టకండి బాబూ, వానకి మునుగుతాది" అని చెప్పాడు. ఆర్కిటెక్టు సాన్యాల్ బాబు ముక్కుకి రుమాలు అడ్డుపెట్టుకుని, "ఈ కంపుగాడు నాకు పాఠం చెబుతున్నాడు" అని అందరి ముందూ నవ్వాడు. వారం తిరక్కుండా దేముణ్ణి ఓడరేవు పక్కనున్న ఖిదిర్‌పూర్‌కి బదిలీ చేయించాడు. ఆ భవనానికి నగరంలోకెల్లా అందమైన కట్టడమని బహుమతి వచ్చింది. ఆ సంగతి చెక్కిన పాలరాతి దిమ్మె సరిగ్గా ఆ మూత మీదే లేచింది.

మూడో ఏడు శ్రావణంలో సభాభవనంలోకి మోకాటిలోతు నీళ్ళొచ్చాయి. జీపు పంపి దేముణ్ణి రప్పించారు. సాన్యాల్ బాబు ప్యాంటు పైకి మడుచుకుని, అన్నగారిని పిలిచినట్టు, "దేముడు దాదా, మూత ఎక్కడ?" అన్నాడు. దేముడు కొక్కెంతో దిమ్మెను చూపించాడు. "దీని కిందే బాబూ. పగలగొట్టించండి." సాన్యాల్ బాబు ఆ రాయిని చూసి తలూపాడు. సమ్మెట దెబ్బకి బహుమతి రెండు ముక్కలయింది.

"గేటుకాడ మట్టికింద ఇంకో మూతుంది గదేటి మావా? అది తీసినా నీరు దిగిపోయేది గదా!" తోటి పనివాడు బంగారయ్య చెవిలో గొణిగాడు.

"నోర్ముయ్యరా. ముందీ కంపు పోనీ," అన్నాడు దేముడు, తుండుగుడ్డ ముక్కుకి అడ్డుపెట్టుకుని.